కాళ్ళ వాపు, రెండు అట్టలు, నేను అడగని ఒక ప్రశ్న

తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. సాయంత్రం ఓపీలో ప్రతి ముగ్గురిలో ఒకరు బీపీ మందులు వాడేవాళ్ళే. అంతమందిని చూస్తూ ఉంటే ఆలోచన కంటే ముందు పెన్ను కదలడం మొదలవుతుంది. ఈ కేసులో నన్ను దెబ్బతీసింది ఆ అలవాటే. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

వచ్చిన సమస్య

ఆమెకు 57 ఏళ్ళు. కల్యాణ మండపాల్లో పెళ్ళి వంటలు చేసే బృందంలో పని. ముప్పై ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడే బతుకు. బీపీ ఉందని తెలిసి ఆరేళ్ళు. అయితే ఫిబ్రవరి చివర్లో నా దగ్గరికి వచ్చింది బీపీ కోసం కాదు, కాళ్ళ కోసం.

“సాయంత్రం అయ్యేసరికి పాదాలు వాచిపోతా ఉండాయి సార్. చెప్పులు పట్టడం లేదు. నీళ్ళు పోయేదానికి మాత్ర రాసిచ్చినారు. మూణ్ణెల్లుగా వేసుకుంటా ఉండా. ఒంటేలుకు పరిగెత్తడమే గానీ వాపు మాత్రం పోలే.”

ఇంకో మాట కూడా చెప్పారు. పని చేసేచోట బాత్రూము దూరం కాబట్టి పగలంతా నీళ్ళు తాగడం తగ్గించేశారట. అప్పుడు దాన్ని విన్నాను కానీ కాగితం మీద పెట్టలేదు.

మా సిస్టర్ తీసిన మొదటి రీడింగు 182/104. ఆమె మెట్లెక్కి వచ్చి రెండు నిమిషాలైనా కాలేదు, పైగా మాట్లాడుతూనే ఉన్నారు. చెయ్యి కొంచెం లావు. టేపుతో కొలిస్తే పైచెయ్యి చుట్టుకొలత 35 సెంటీమీటర్లు. మామూలు కఫ్ అంత చేతికి చాలదు. చిన్న కఫ్ బిగిస్తే లేని బీపీ కూడా కనబడుతుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకు పెట్టి, మాట్లాడకుండా కూర్చోబెట్టి పెద్ద కఫ్‌తో తీస్తే 166/98, ఇంకోసారి 162/96. రెండు చేతుల్లోనూ దాదాపు అంతే. అంటే ఇరవై పాయింట్లు ఉత్తుత్తివి. మిగతావి మాత్రం నిజమే. నాడి 56.

రెండు మడమల దగ్గరా వేలితో నొక్కితే గుంట పడుతోంది. మెడ నరాలు ఉబ్బలేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఒక కాలే వాచి ఉంటే, పిక్కలో నొప్పి ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. ఇక్కడ రెండూ సమానంగా వాచాయి. గుండె, కిడ్నీ, లివర్, థైరాయిడ్ వైపు పరీక్షలు రాసి, “రేపు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకురండమ్మా” అన్నాను.

సంచి

మరుసటి రోజు బట్టల షాపు సంచి ఒకటి తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. మెడికల్ షాపులో అట్టను కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు. పేరున్న ముక్క ఒకరికి పోతుంది, తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి. అందుకని మన పేషెంట్లు మాత్రను పేరుతో కాకుండా రంగుతో గుర్తుపెట్టుకుంటారు. ఈమె కూడా అంతే. “తెల్లది బీపీకి సార్. గులాబీది కూడా బీపీకే, గుండెకు బలమన్నారు. ఈ చిన్నది నీళ్ళకు. ఇది గ్యాసుకు.”

తెల్లది ఆమ్లోడిపిన్ 10 ఎంజీ. గులాబీదాని మీద కంపెనీ పేరు పెద్దగా, అసలు మందుల పేర్లు చీమంత అక్షరాల్లో ఉన్నాయి. కళ్ళద్దాలు పైకి జరిపి దీపం కింద పెట్టి చదివాను. ఆమ్లోడిపిన్ 5, అటెనోలాల్ 50. అంటే ఈమె రోజూ 15 ఎంజీ ఆమ్లోడిపిన్ మింగుతున్నారు. ఆ మందుకు పెద్దవాళ్ళలో గరిష్ఠ మోతాదు 10. నీళ్ళ మాత్ర ఫ్యూరోసెమైడ్ 40. గ్యాసుది పాంటోప్రజోల్.

ఇందులో ఎవరి తప్పూ లేదు. తెల్లది రాసిన డాక్టరు వేరు, ఎనిమిది నెలల కింద గులాబీది రాసిన డాక్టరు వేరు. రెండో ఆయన “ఇకమీదట ఇది వేసుకోండి” అన్నారట. పాతది ఆపి ఇది వాడమని ఆయన ఉద్దేశం. పాతదానికి తోడు ఇదీ వేసుకోమన్నారని ఈమెకు అర్థమైంది.

పాత చీటీలూ తిరగేశాను. నాలుగేళ్ళ కిందట ఎనలాప్రిల్ మొదలుపెట్టినట్టుంది. ఆ తర్వాతి ఐదు నెలల్లో మూడు రకాల దగ్గు సిరప్పులు, ఒక ఛాతీ ఎక్స్‌రే. ఎనలాప్రిల్ జాతి మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. మందు మానితే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈమె విషయంలో ఎవరో ఎనలాప్రిల్ ఆపేశారు, దగ్గు పోయింది. కానీ దగ్గు దేనివల్ల వచ్చిందో ఏ చీటీలోనూ లేదు.

పరీక్షలు వచ్చాయి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, సోడియం 137, పొటాషియం 3.2. హెచ్‌బీఏ1సీ 6.2, అంటే షుగరు గడప దాకా వచ్చింది. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొంచెం ఎక్కువ, ఒక గ్రాము క్రియాటినిన్‌కు 70 ఎంజీ. ఎకోలో గుండె కండరం కాస్త మందమైంది, పంపింగ్ బాగుంది. లివర్, థైరాయిడ్ బాగున్నాయి.

మొదటి నిర్ణయాలు

వాపు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తేలిపోయింది. ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. వచ్చే దారి వెడల్పై, పోయే దారి అలాగే ఉంటే మధ్యలోని సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో ఉప్పు, నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. అందుకే నీళ్ళ మాత్రతో పోలేదు, పోదు కూడా. మోతాదు పెరిగేకొద్దీ ఈ వాపు ఎక్కువవుతుంది. ఆడవాళ్ళలో మరీను. దానికి తోడు పది పన్నెండు గంటలు పొయ్యి సెగ దగ్గర నిలబడటం.

ఫ్యూరోసెమైడ్ వాపును తీయలేదు కానీ పొటాషియాన్ని మాత్రం లాగేసింది. ఇక్కడ ఒక క్షణం ఆగాను. బీపీ లొంగక, పొటాషియం తక్కువగా ఉంటే అడ్రినల్ గ్రంథిలో ఆల్డోస్టిరోన్ అనే హార్మోను ఎక్కువగా ఊరుతోందేమో చూడాలి. అయితే కళ్ళ ముందే పొటాషియం తీసే మాత్ర ఉన్నప్పుడు ముందు దాన్ని ఆపి చూడటం న్యాయం. ఆపాను. మూడు వారాలకు పొటాషియం దానంతటదే 4.1కి వచ్చింది.

అటెనోలాల్ ఎందుకుందో కారణం దొరకలేదు. గుండెనొప్పి లేదు, హార్ట్ ఫెయిల్యూర్ లేదు, గుండె లయ తప్పడం లేదు. అలాంటివి ఉంటే అటెనోలాల్ లాంటి బీటా బ్లాకర్లకు వాటి స్థానం వాటికుంది. ఉత్త బీపీకి మాత్రం మొదటి వరసలో కూర్చోబెట్టేవి కావవి. గుండె కండరం మందమైన బీపీ పేషెంట్ల మీద 2002లో వచ్చిన లైఫ్ ట్రయల్‌లో అటెనోలాల్ కంటే లోసార్టాన్ వాడినవాళ్ళకు పక్షవాతం తక్కువగా వచ్చింది. పైగా ఈమె నాడి 56. తీసేద్దామనుకున్నాను, కానీ ఒక్కసారిగా కాదు. బీటా బ్లాకర్‌ను టక్కున ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి. రెండు వారాలు 25 ఎంజీ, తర్వాత ఆపు.

మరి దేనితో నడపాలి? ఏ మందు గొప్పదని చాలామంది అడుగుతుంటారు. ముప్పైమూడు వేలమందికి పైగా పాల్గొన్న ఆల్‌హాట్ ట్రయల్ కూడా 2002లోనే వచ్చింది. గుండెపోట్ల లెక్కలో క్లోర్తాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ మూడింటికీ తేడా లేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 మార్గదర్శకాలు కూడా థయాజైడ్ జాతి మందులు (క్లోర్తాలిడోన్ లాంటి నీళ్ళ మాత్రలు), ఆమ్లోడిపిన్ జాతి మందులు, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ జాతి లేదా టెల్మిసార్టాన్, లోసార్టాన్ జాతి మందులు, వీటిలో దేనితోనైనా మొదలుపెట్టవచ్చంటాయి. కాబట్టి ఏది గొప్పదన్నది పక్కనపెట్టి ఈ మనిషికి ఏది నప్పుతుందో చూడాలి. యూరిన్‌లో ఆల్బుమిన్ పోతోంది, గుండె కండరం మందమైంది, షుగరు గడపలో ఉంది. ఈ మూడూ టెల్మిసార్టాన్ వైపే చూపిస్తున్నాయి. ఎనలాప్రిల్ జాతి దగ్గు తెచ్చింది కాబట్టి అది వద్దు. నెలసరి ఆగి చాలా ఏళ్ళయింది కాబట్టి గర్భం సంగతి లేదు. అదే ముప్పై ఏళ్ళ అమ్మాయి అయితే ఈ మందు రాసేముందు ఆ ప్రశ్న అడగకుండా పెన్ను కదలకూడదు.

ఆమ్లోడిపిన్‌ను పూర్తిగా తీసేయలేదు. 15 నుంచి 5కు దించాను. సగం మోతాదులోనే ఆ మందు పనిలో ఎక్కువ భాగం జరిగిపోతుంది. మోతాదు రెట్టింపు చేస్తే పెరిగేది ముఖ్యంగా వాపే. 42 ట్రయల్స్‌ను కలిపి 2009లో వేసిన లెక్క ప్రకారం, ఉన్న మందును రెట్టింపు చేయడం కంటే వేరే జాతి మందును కలపడం వల్ల బీపీ సుమారు ఐదు రెట్లు ఎక్కువ దిగుతుంది. టెల్మిసార్టాన్ సిరల వైపు కూడా వెడల్పు చేస్తుంది కాబట్టి ఆమ్లోడిపిన్ తెచ్చిన వాపును కొంత తగ్గిస్తుంది కూడా. రెండూ కలిసిన ఒకే మాత్ర, 40, 5 ఎంజీ, ఉదయం ఒకటి.

చివరగా అడగాల్సిన ప్రశ్న అడిగాను. “వేరే మందులేమైనా వాడతా ఉన్నారా అమ్మా?”

“లేదు సార్.”

కేసు షీటులో రాశాను: ఇతర మందులు లేవు.

పని చేయనిది

నాలుగు వారాలకు వాపు సగానికి సగం దిగింది. చెప్పులు పడుతున్నాయని ఆమె సంతోషం. బీపీ మాత్రం 156/92. మాత్రలు మానారా అంటే, వారానికి రెండు మూడు రోజులు తప్పిపోతోందన్నారు. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే రాత్రి రెండింటికే మండపానికి పోవాలి. మాత్ర ఇంట్లోనే ఉండిపోతుంది. నేను ఆ మాట పట్టుకుని ఉండాల్సింది. బీపీ ఎక్కువుంది, ఇంకో మందు కలపాలి, మూడో జాతి థయాజైడ్, అని పుస్తకంలో ఉన్న వరసలో చెయ్యి దానంతటది నడిచిపోయింది. క్లోర్తాలిడోన్ 12.5 ఎంజీ రాశాను. రెండు వారాల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించమని చీటీలో రాసి కింద గీత కూడా గీశాను.

ఏప్రిల్‌లో పెళ్ళిళ్ళ సీజను. ఆమె పరీక్షకు పోలేదు. మేమూ ఫోను చేయలేదు.

మే రెండో వారంలో, ఊళ్ళో ఎండ 42 దాటిన రోజు, గుండిగె దించబోతూ కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోయారు. తోటి వంటవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సాంబారు మీద పడలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నా దగ్గరికి తెచ్చేసరికి కూర్చుంటే 112/70, నిలబడితే 92/58. నాలుక ఎండిపోయింది. క్రియాటినిన్ 1.7, సోడియం 127, పొటాషియం 5.2. దగ్గరలోని ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచాము.

క్లోర్తాలిడోన్‌తో సోడియం పడిపోవడం తెలిసిన సంగతే. ఎండ, చెమట, నీళ్ళు తాగకపోవడం కూడా అర్థమయ్యేవే. కానీ క్రియాటినిన్ దాదాపు రెట్టింపు కావడం నాకు మింగుడు పడలేదు. తాళం చెవి నా దగ్గర లేదు, మా సిస్టర్ దగ్గరుంది. డ్రిప్ పెడుతూ ఆమెతో మాటలు కలిపింది.

“మోకాళ్ళు ఇంత వాచినాయే, ఇన్ని గంటలు ఎట్లా నిలబడతావు అక్కా? నొప్పులకు ఏం వేసుకుంటావు?”

“పచ్చ మాత్ర ఉండాదిలేమ్మా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పెళ్ళిరోజు మూడు.”

ఆ పచ్చ మాత్ర అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసినది. చీటీ లేకుండా మెడికల్ షాపులో దొరికేది. రెండేళ్ళుగా వాడుతున్నారట. ఇంట్లో మాత్రల సంచిలో ఉండదు, వంట సామాన్ల సంచిలో పోపుల డబ్బా పక్కన ఉంటుంది. నేను “మందులు” అని అడిగాను. ఆమె లెక్కలో మందు అంటే డాక్టరు జబ్బుకు రాసిచ్చేది. నొప్పి మాత్ర మందు కాదు, టీ లాంటిది, పని జరగడానికి వేసుకునేది. ఆమె అబద్ధం చెప్పలేదు. నా ప్రశ్నే ఆమె భాషలో లేదు.

కిడ్నీలో ఏం జరిగిందో ఆమె కొడుకుకు మిద్దె మీది నీళ్ళ ట్యాంకుతో చెప్పాను. వడపోత జరగాలంటే లోపల ఒత్తిడి ఉండాలి. లోపలికి వచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచే రసాయనాలను నొప్పి మాత్ర ఆపేస్తుంది, ఆ గొట్టం ఇరుకవుతుంది. బయటికి పోయే గొట్టాన్ని బిగించి ఒత్తిడి నిలిపే పనిని టెల్మిసార్టాన్ ఆపేస్తుంది, ఆ గొట్టం వదులవుతుంది. నీళ్ళ మాత్ర ట్యాంకులో మట్టమే దించేస్తుంది. మూడూ ఒకేసారి, ఎండలో, నీళ్ళు తాగని మనిషిలో. “మరి రెండేళ్ళుగా వేసుకుంటా ఉండాది, అప్పుడేం కాలేదే సార్?” అని అడిగాడు అబ్బాయి. సరైన ప్రశ్న. అప్పుడు మూడింట్లో ఒకటో రెండో మాత్రమే ఉన్నాయి. మూడోది చేర్చింది నేనే. అలాగే చెప్పాను.

ఇంకో సంగతి కూడా విప్పుకుంది. ఈ జాతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ లాంటివాటి పనిని, నీళ్ళ మాత్రల పనిని మొద్దుబారుస్తాయి. ఆమ్లోడిపిన్ పనిని అంతగా చెడగొట్టవు. అంటే ఏప్రిల్‌లో 156 చూసి నేను మందు చాలలేదనుకున్నది, చాలావరకు ఆ పచ్చ మాత్ర ఆడిన ఆట. మండపాల్లో వేళకు తిండి ఉండదు కాబట్టి నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే గ్యాసు పొడి కూడా రోజూ తాగుతున్నారట. అందులో ఉండేది సోడా ఉప్పే. సోడియం ఆ దారిన కూడా వచ్చింది.

పని చేసింది

టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్, నొప్పి మాత్ర మూడూ ఆపి సెలైన్ ఎక్కించాము. సోడియాన్ని తొందరపడి పెంచకుండా నెమ్మదిగా పైకి తెచ్చాము. పలకరించడానికి వచ్చిన చుట్టాలు కొబ్బరి బొండాలు మోసుకొచ్చారు. ఎండదెబ్బకు కొబ్బరినీళ్ళు మంచివేగానీ వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది. పొటాషియం 5.2 ఉన్న మనిషికి ఆ వారం వద్దు. బొండాలు వాళ్ళనే తాగమన్నాను. పది రోజులకు క్రియాటినిన్ 1.0, సోడియం 136, పొటాషియం 4.4.

ఆ పది రోజులు ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే నడిపాను. బీపీ 148/90. ఇక్కడ మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. ఒకసారి కిడ్నీ దెబ్బతిన్నాక టెల్మిసార్టాన్ మళ్ళీ ఇవ్వొచ్చా? చాలామంది భయపడి శాశ్వతంగా పక్కన పెట్టేస్తారు. కానీ అది నేరస్తుడు కాదు, నేరం జరిగినప్పుడు అక్కడున్నవాళ్ళలో ఒకడు. ఆల్బుమిన్ పోతున్న కిడ్నీకి ఎక్కువకాలం మేలు చేసేది కూడా అదే. నొప్పి మాత్ర నిజంగా మానేస్తేనే అని ఖరారు చేసుకుని, పాత 40, 5 మాత్రనే మళ్ళీ మొదలుపెట్టాను. రెండు వారాలకు రక్తపరీక్ష. ఈసారి చీటీలో గీత గీసి వదిలేయలేదు, తేదీ వేసి సిస్టర్ ఫోనులో అలారం పెట్టించాను. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ ముప్పై శాతం లోపల పెరిగితే సాధారణంగా ఓర్చుకోవచ్చు. ఈమెకు 1.0 మీదే నిలిచింది.

క్లోర్తాలిడోన్ మాత్రం మళ్ళీ రాయలేదు. ఒకసారి థయాజైడ్‌తో సోడియం పడిపోయిన మనిషికి మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. మందు చెడ్డదని కాదు. ఎండాకాలంలో పొయ్యి ముందు చెమటోడ్చే ఈమెకు నప్పదు, అంతే.

మాత్ర వేళ మార్చడం అన్నింటికంటే సులువైన పని. దాన్నే నేను అన్నింటికంటే ఆలస్యంగా చేశాను. ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోట్లు, పక్షవాతాల్లో తేడా రాలేదని బ్రిటన్‌లో ఇరవైఒక్క వేలమంది మీద జరిగిన టైమ్ ట్రయల్ 2022లో తేల్చింది. అలాంటప్పుడు ఏ వేళ తప్పిపోదో అదే మంచి వేళ. ఈమె రోజులో తప్పిపోనిది ఒకటే, రాత్రి ఇంట్లో తినే సంగటి ముద్ద. మాత్ర అట్టను సంగటి కెలికే తెడ్డు పక్కన పెట్టుకోమన్నాను.

అసలు యుద్ధం మోకాళ్ళతో. నొప్పి మాత్ర మానమనడం తేలిక. రేపు పెళ్ళిలో నిలబడేది ఎట్లా అన్నదానికి నా దగ్గర జవాబు ఉండాలి కదా. మోకాళ్ళకు పైపూత జెల్, తొడ కండరాలకు కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, మరీ బాధగా ఉన్నరోజు పారాసిటమాల్. దాన్ని కూడా రోజూ నిండు మోతాదులో వేసుకుంటే బీపీ కొంచెం పెరుగుతుందని 2022లో వచ్చిన ఒక ట్రయల్ చూపించింది, కాబట్టి అవసరమైనప్పుడే. వీటన్నిటికంటే ఉపయోగపడింది ఒక ఎత్తుపీట. కూరగాయల కోత, పప్పులు ఏరడం, తిరగమోతలు కూర్చుని చేసేలా వాళ్ళ మేస్త్రీతో కొడుకు మాట్లాడాడు. మొదటి రెండు వారాలు ఆమె నన్ను బాగానే తిట్టుకుని ఉంటారు. మూడో వారం పచ్చ మాత్ర లేకుండా ఒక పెళ్ళి గట్టెక్కారు.

ఉప్పు గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. రోజుకు ఐదు గ్రాముల లోపు అని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. వంటావిడకు గ్రాములు చెప్పి ఏం లాభం? ఎక్కడెక్కడ ఉప్పు నోట్లోకి పోతోందో ఆమెనే చెప్పమన్నాను. పది గుండిగెల్లో ఒక్కోదాన్నీ మూడుసార్లు అరచేతిలో వేసుకుని రుచి చూస్తారట. “దాన్ని మాత్రం మానమనొద్దు సార్, పని పోతాది.” మానమనలేదు. గరిటెడు అరచేతిలో పోసుకునేది చుక్కకు తగ్గించుకున్నారు. ఇంట్లో ఊరగాయ, ఊరిబిండిలో ఒకటే ఎంచుకోమంటే ఊరిబిండిని ఎంచుకున్నారు. కొడుకు ఎక్కడో విని సోడియం తగ్గించిన ఉప్పు పొట్లం తెచ్చాడు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ బాగున్న చాలామందికి అది మేలైనదే. టెల్మిసార్టాన్ మీద ఉండి, ఈమధ్యే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి నేను ఇవ్వను. పొట్లం షాపుకు వెనక్కి పోయింది.

నాలుగు వారాలకు 138/86. ఏప్రిల్‌లో మూడు మందులుండాలని నేను ఆరాటపడిన మనిషికి అవే రెండు మందులు, అదే మోతాదు. ఇంకొంచెం దించాలి. ఆమ్లోడిపిన్‌ను 10 చేస్తే వాపు తిరిగొస్తుంది. మూడో మందు కలపడానికి తొందర లేదు. టెల్మిసార్టాన్‌ను 80 చేశాను. ఆ జాతి మందుల్లో మోతాదు పెంచితే చిన్న చిన్న ఇబ్బందులు పెద్దగా పెరగవు, ఆల్బుమిన్‌కు కూడా మంచిది. పెంచిన రెండు వారాలకు మళ్ళీ రక్తపరీక్ష, అంతా బాగుంది. ఆగస్టులో ఇంట్లో వారం రోజులు పెద్ద కఫ్ మిషనుతో ఉదయం సాయంత్రం తీసి క్యాలెండరు మీద రాసుకొచ్చిన రీడింగుల సగటు 128/78. ఆర్నెల్లకు ఆల్బుమిన్ 70 నుంచి 28కి దిగింది. వాపు సాయంత్రాలు కాస్త కనబడుతుంది. చెప్పులకు అడ్డం కాదు.

ఇంకెప్పుడైనా మూడో మందు కావాల్సి వస్తే? ముందు నొప్పి మాత్ర తిరిగి వచ్చిందేమో అడుగుతాను. రాలేదంటే ఆల్డోస్టిరోన్ పరీక్ష చేయించి, ఆ హార్మోను పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ తక్కువ మోతాదులో, పొటాషియం మీద కన్నేసి చూస్తాను. వాంతులు, విరేచనాలు, తీవ్రమైన జ్వరం వచ్చి నీళ్ళు తాగలేని రోజుల్లో టెల్మిసార్టాన్ ఉన్న మాత్ర ఆపి వెంటనే ఫోను చేయమని ఇప్పటికే పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను.

మారినవి

మా క్లినిక్‌లో “వేరే మందులు” అన్న గడి కొట్టేశాము. దాని స్థానంలో సిస్టర్ తన మాటల్లోనే నాలుగు ప్రశ్నలు రాసింది: ఒళ్ళు నొప్పులకు ఏం వేసుకుంటారు, గ్యాసుకు ఏం తాగుతారు, నిద్రకు ఏమైనా ఉందా, నాటు మందు ఏమైనా వాడుతున్నారా. నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులు ఇంకో కేసుకు సరిపోతాయి. కొత్త మాత్ర రాసినప్పుడు ఆపాల్సిన పాత అట్టను పేషెంటు చేతే కత్తిరించి మా చెత్తబుట్టలో వేయిస్తున్నాము. క్లోర్తాలిడోన్ లాంటివి మార్చి నెలకూ జూన్ నెలకూ మధ్య మొదలుపెట్టాల్సి వస్తే రక్తపరీక్ష తేదీ ఖాయం అయ్యాకే చీటీ ఇస్తున్నాను.

మొన్న కార్తీకంలో ఆమె వచ్చారు. సంచి పలచబడింది, ఒకే ఒక్క అట్ట ఉంది. బీపీ 130/80. అలిపిరి మెట్లు ఎక్కే మొక్కు ఒకటి బాకీ ఉందని, ఎప్పుడు ఎక్కమంటారని అడిగారు. 3550 మెట్లు, ఆ మోకాళ్ళు. ఈ ఏడాదికి బస్సులో పోయి స్వామికే సర్దిచెప్పుకోమన్నాను. నవ్వి లేచారు. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చి కొంగుముడి విప్పి ఒక అట్ట ముక్క తీశారు.

“పక్కింటామెది సార్. ఆమెకూ కాళ్ళు వాస్తా ఉండాయి. నీళ్ళ మాత్ర రాసినారంట. ఆగమని చెప్పి, ఇది తెచ్చినా.”

కత్తెర పేరును కోసేసింది. వెనకవైపు మిగిలిందల్లా 10 ఎంజీ అన్న అంకె, తెల్లటి మాత్రలు నాలుగు. ఆ నాలుగు మాత్రలు చూసి ఏమీ చెప్పనన్నాను. ఆమెను సంచితో సహా రమ్మనండి, వంట సామాన్ల సంచి కూడా అన్నాను.